ప్రాణం పోసే 20 పీపీఎం: నైట్రిక్ ఆక్సైడ్ మెషీన్ ఎలా పనిచేస్తుంది, ఎంత సేఫ్?

ఈ సైట్‌లో ఇప్పటిదాకా నేను ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌లు రివ్యూ చేశాను. ఈసారి రాస్తున్నది మీరు కొనలేని, కొనాలని కూడా అనుకోకూడని ఒక మెషీన్ గురించి. దీన్ని నేను అన్‌బాక్స్ చేయలేదు. అద్దానికి ఇవతల నిలబడి నాలుగు రోజులు చూశాను, అంతే.

పోయిన మే నెల. మా నూజివీడు తోటలో చిన్న రసాలు కోత జోరుగా సాగుతోంది. నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నాను. తెల్లవారుజామున అక్కకి కాన్పు అయింది. బాబు పుట్టాడు, కానీ గట్టిగా ఏడవలేదు. ఒళ్లు నీలంగా ఉంది. "ఉమ్మనీరు మింగేశాడు, విజయవాడ తీసుకెళ్లండి" అన్నారు. ఆగిరిపల్లి మీదుగా, నున్న మార్కెట్‌కి వెళ్లే మామిడి లారీల మధ్య నుంచి అంబులెన్స్‌లో నలభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఆ దారి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు.

ఎన్‌ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారు, ఆక్సిజన్ వంద శాతం ఇచ్చారు. అయినా బాబు ఒంట్లోకి ఆక్సిజన్ సరిగా ఎక్కట్లేదు. సాయంత్రం డాక్టర్ మేడమ్ బయటికొచ్చి, "నైట్రిక్ ఆక్సైడ్ మొదలుపెడతాం, 20 పీపీఎం" అని చెప్పి సంతకం అడిగారు. బావ నా వైపు చూశాడు. బీటెక్ చదివినవాడిని కదా, నాకు తెలిసుండాలి. నాకు గుర్తొచ్చినవి రెండే: బండి పొగ, లాఫింగ్ గ్యాస్. చంటిబిడ్డకి ఇది పెట్టడమేంటని వెన్నులో చలి పుట్టింది.

నాన్న మాత్రం ఒకటే అడిగాడు: "పీపీఎం అంటే మేము పండ్ల చాంబర్‌లో ఎథిలీన్ పెడతామే, ఆ లెక్కేనా మేడమ్?"

"ఆ లెక్కేనండీ. పది లక్షల భాగాల్లో ఇరవై."

కార్బైడ్ మీద నిషేధం ఉంది కాబట్టి మా వైపు కాయల్ని రైపెనింగ్ చాంబర్లలో ఎథిలీన్‌తో మగ్గబెడతారు. దానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన గరిష్ఠ పరిమితి 100 పీపీఎం. నాన్నకి ఆ మీటర్ చూడటం అలవాటు. సంతకం అయ్యాక నాతో అన్నాడు, "గ్యాస్ ఏదైనా ఒకటేరా. ఎంత పెట్టామో చూపించే మీటర్ లేకపోతే ఆ గదిలో నేను కాయ కూడా పెట్టను."

తర్వాత నేను చదివినదంతా చివరికి ఆ మాట దగ్గరికే వచ్చి ఆగింది.

ముందు పేర్ల గందరగోళం తేల్చేద్దాం

మూడు గ్యాస్‌లు ఉన్నాయి. పేర్లు కవలల్లా ఉంటాయి, పనులు మాత్రం వేరు.

నైట్రస్ ఆక్సైడ్ అంటే లాఫింగ్ గ్యాస్. మత్తుకీ, నొప్పికీ వాడతారు. నైట్రిక్ ఆక్సైడ్ మన ఈ రోజు సబ్జెక్ట్. ఒక నైట్రోజన్, ఒక ఆక్సిజన్, అంతే. రక్తనాళాల్ని వదులు చేస్తుంది. నైట్రోజన్ డైఆక్సైడ్ మాత్రం విలన్. ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే విషవాయువు. చిక్కేంటంటే, నైట్రిక్ ఆక్సైడ్ ఆక్సిజన్‌తో కలిస్తే ఈ విలన్ తయారవుతుంది. మన పేషెంట్‌కేమో ఆక్సిజన్ తప్పనిసరి. ఈ మెషీన్ డిజైన్ అంతా ఈ ఒక్క సమస్య చుట్టూనే తిరుగుతుంది.

నైట్రిక్ ఆక్సైడ్‌ని చాలాకాలం కాలుష్యంగానే చూశారు. రక్తనాళాల లోపలి పొర ఏదో ఒక సిగ్నల్ పంపి నాళాన్ని వదులు చేస్తోందని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ చూపించారు. ఆ సిగ్నల్ ఈ గ్యాసేనని తర్వాత తేలింది. 1992లో సైన్స్ పత్రిక దీన్ని ఆ ఏడాది మేటి అణువుగా ప్రకటించింది. 1998లో ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకి వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒకే బాబు, రెండు రీడింగులు

కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులు పనిచేయవు. ఆక్సిజన్ తల్లి నుంచి వస్తుంది కాబట్టి రక్తం ఎక్కువగా ఊపిరితిత్తుల్ని దాటేసి, గుండె దగ్గరున్న రెండు షార్ట్‌కట్ దారుల్లో పోతుంది. పుట్టి మొదటి ఊపిరి తీయగానే ఊపిరితిత్తుల రక్తనాళాలు తెరుచుకోవాలి, రక్తం అటు మళ్లాలి. కొందరు బిడ్డల్లో ఆ నాళాలు బిగుసుకుపోయి అలాగే ఉండిపోతాయి. దీన్నే పీపీహెచ్‌ఎన్ అంటారు. ప్రతి వెయ్యి కాన్పుల్లో సుమారు ఇద్దరికి వస్తుంది. బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేసి ఆ ఉమ్మనీరు పీల్చేయడం దీనికి ఒక ముఖ్య కారణం. మా బాబు విషయంలో జరిగింది అదే.

గ్యాడ్జెట్ పిచ్చి ఉన్నవాడిని కాబట్టి నా కళ్లు ముందు మానిటర్ మీదికే వెళ్లాయి. ఆక్సిజన్ సెన్సర్లు రెండు పెట్టారు, ఒకటి కుడి చేతికి, ఒకటి కాలికి. చేతిది 92, కాలిది 79. సెన్సర్ పాడైందనుకున్నా. కాదు. కుడి చేతికి వెళ్లే రక్తం షార్ట్‌కట్ కలిసే చోటుకి ముందే చీలిపోతుంది. కాలికి వెళ్లే రక్తంలో ఊపిరితిత్తుల్ని దాటేసి వచ్చిన రక్తం కూడా కలుస్తుంది. ఈ రెండు నంబర్ల మధ్య పది పాయింట్లు దాటి తేడా ఉంటే పీపీహెచ్‌ఎన్‌కి అది గట్టి సూచన. సెన్సర్‌లో ఏ తప్పూ లేదు. దాన్ని ఎక్కడ పెట్టామన్నదే అసలు డేటా.

ఎలా పనిచేస్తుంది: గ్లోబల్ కాదు, లోకల్ వేరియబుల్

నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళం గోడలోని కండర కణంలోకి వెళ్లి ఒక ఎంజైమ్‌ని ఆన్ చేస్తుంది. దాంతో సీజీఎంపీ అనే మెసెంజర్ పెరుగుతుంది, కండరం వదులవుతుంది, నాళం తెరుచుకుంటుంది.

మరి నాళాల్ని వదులు చేసే ఇంజెక్షన్లు చాలానే ఉన్నాయి కదా, అవి ఇవ్వొచ్చుగా? ఇవ్వొచ్చు. కానీ రక్తంలోకి ఎక్కించిన మందు ఒళ్లంతా తిరిగి అన్ని నాళాల్నీ తెరిచేస్తుంది, బీపీ పడిపోతుంది. మన భాషలో చెప్పాలంటే అది గ్లోబల్ వేరియబుల్. నైట్రిక్ ఆక్సైడ్‌ని ఊపిరితో ఇస్తే ఊపిరితిత్తుల్లో పని చేసి, రక్తంలోకి వెళ్లగానే క్షణాల్లో హిమోగ్లోబిన్‌కి చిక్కి ఆగిపోతుంది. స్కోప్ ఊపిరితిత్తుల వరకే. పైగా గాలి చేరే భాగాల్లోని నాళాలే తెరుచుకుంటాయి కాబట్టి రక్తం కూడా గాలి ఉన్నచోటికే వెళ్తుంది. మంచి లోడ్ బ్యాలెన్సర్ చేసే పని ఇదే.

బాక్సులో ఏముంది?

ఎక్కువగా వాడే మోడల్‌లో సిలిండర్ ఉంటుంది. అందులో నైట్రోజన్‌తో కలిపిన నైట్రిక్ ఆక్సైడ్, సాధారణంగా 800 పీపీఎం. దాన్ని 20కి తేవాలంటే నలభై వంతుల్లో ఒక వంతు కలపాలి. వెంటిలేటర్‌లో నిమిషానికి 8 లీటర్ల గాలి వెళ్తుంటే ఈ గ్యాస్ 0.2 లీటరు. లెక్క సింపుల్‌గానే ఉంది. కానీ బిడ్డ ఊపిరిని బట్టి, వెంటిలేటర్ సెట్టింగ్‌ని బట్టి ఆ ప్రవాహం క్షణక్షణం మారుతుంది. అందుకే మెషీన్ గాలి ప్రవాహాన్ని ఎప్పటికప్పుడు కొలిచి, దానికి తగ్గట్టు గ్యాస్ వదులుతుంది. బిడ్డకి దగ్గరగా ట్యూబ్ నుంచి కొంచెం గాలి లాగి, సెన్సర్లతో మూడు నంబర్లు చూపిస్తుంది: నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డైఆక్సైడ్, ఆక్సిజన్. ఏది హద్దు దాటినా అలారం మోగుతుంది. కరెంటు పోతే బ్యాటరీ, మెషీనే ఆగిపోతే చేత్తో ఇవ్వడానికి వేరే ఏర్పాటు కూడా ఉండాలి.

మరి సిలిండర్ ఖరీదెంత? ఆ సిలిండర్‌లోని గ్యాస్ కంటే ఈ కొలిచే పార్టే అసలు మందు అని నాకు అప్పుడర్థమైంది.

బెంచ్‌మార్క్: నిజంగా పనిచేస్తుందా?

1992లో బోస్టన్, డెన్వర్ బృందాలు పీపీహెచ్‌ఎన్ బిడ్డల్లో దీన్ని వాడిన ఫలితాలు లాన్సెట్‌లో ప్రచురించాయి. 1997లో 235 మంది బిడ్డల మీద చేసిన పెద్ద పరీక్ష వచ్చింది. చనిపోవడం, లేదా ఎక్మో మెషీన్ అవసరం పడటం, ఈ రెండూ కలిపి చూస్తే గ్యాస్ ఇవ్వని గ్రూప్‌లో 64 శాతం, ఇచ్చిన గ్రూప్‌లో 46 శాతం. ఎక్మో అంటే రక్తాన్ని ఒంటి బయటికి తెచ్చి ఆక్సిజన్ ఎక్కించి తిరిగి పంపే భారీ సెటప్. 1999 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని నెలలు నిండిన, దాదాపు నిండిన బిడ్డల కోసం ఆమోదించింది. డోస్ 20 పీపీఎం, గరిష్ఠంగా 14 రోజులు.

ఇప్పుడు ఫైన్ ప్రింట్. 1997 పరీక్షలో తగ్గింది ప్రధానంగా ఎక్మో అవసరం. మరణాలు మాత్రమే చూస్తే రెండు గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. సుమారు మూడో వంతు బిడ్డలకి ఈ గ్యాస్ సరిగా పనిచేయదు. నెలలు బాగా తక్కువున్న బిడ్డలకి మామూలుగా వాడొద్దని 2010లో అమెరికా ఎన్‌ఐహెచ్ నిపుణుల సదస్సు చెప్పింది. పెద్దవాళ్లలో తీవ్రమైన ఊపిరితిత్తుల వైఫల్యానికి వాడితే ఆక్సిజన్ నంబర్ కొద్దికాలం పెరుగుతుంది, కానీ ప్రాణాలు దక్కే అవకాశం పెరిగినట్టు తేలలేదు. పైగా కిడ్నీలు దెబ్బతినే రిస్క్ పెరిగింది. స్క్రీన్ మీద స్కోర్ పెరిగినంత మాత్రాన ఫోన్ బాగున్నట్టు కాదని మనకి తెలుసు కదా. ఇక్కడా అంతే.

గుండె ఆపరేషన్ల తర్వాత, ఊపిరితిత్తుల బీపీ పరీక్షల్లో కూడా దీన్ని వాడతారు.

సేఫ్టీ: మూడు బగ్స్

మొదటిది, విలన్ గ్యాస్. నైట్రోజన్ డైఆక్సైడ్ తయారయ్యే వేగం నైట్రిక్ ఆక్సైడ్ మోతాదు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే డోస్ 20 నుంచి 80కి, నాలుగింతలు చేస్తే విలన్ పదహారింతల వేగంతో పుడతాడు. ట్యూబ్‌లో ఎక్కువసేపు ఉన్నా పెరుగుతాడు. అందుకే గ్యాస్‌ని ముందే కలిపి ఉంచకుండా అప్పటికప్పుడు కలుపుతారు.

రెండోది, మెథిమోగ్లోబిన్. నైట్రిక్ ఆక్సైడ్‌ని పట్టుకున్న హిమోగ్లోబిన్ కొంత రూపం మారి ఆక్సిజన్ మోయలేనిదవుతుంది. 1998లో వచ్చిన ఒక పరీక్షలో 80 పీపీఎం ఇచ్చిన 37 మంది బిడ్డల్లో 13 మందికి ఇది 7 శాతం దాటింది. డోస్ పెంచితే ఫలితం పెరగలేదు, ప్రమాదం పెరిగింది. 20 దగ్గర ఆగడానికి కారణం అదే.

ఇక్కడ మన రీడర్స్ గమనించాల్సిన పాయింట్ ఉంది. మామూలు పల్స్ ఆక్సిమీటర్ ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ అనే రెండు కాంతులు పంపి, ఎంత పీల్చుకుందో చూసి లెక్కేస్తుంది. మెథిమోగ్లోబిన్ ఆ రెండింటినీ దాదాపు సమానంగా పీల్చుకుంటుంది. దాంతో అది బాగా పెరిగినప్పుడు అసలు పరిస్థితి ఎంత దిగజారినా ఆక్సిమీటర్ 85 దగ్గరికి వచ్చి ఇరుక్కుపోతుంది. నిజం తెలియాలంటే రక్తం తీసి కో-ఆక్సిమీటర్‌లో చూడాలి. గ్యాస్ మొదలెట్టిన 4 నుంచి 8 గంటల్లో ఒకసారి, తర్వాత అప్పుడప్పుడూ ఈ పరీక్ష చేస్తారు. మా బాబుకి మాటిమాటికీ రక్తం తీస్తున్నారని అమ్మ గొడవపడింది. ఎందుకో చెప్పాక ఊరుకుంది.

మూడోది, రీబౌండ్. బయటి నుంచి గ్యాస్ వస్తుంటే ఒళ్లు తన సొంత తయారీని తగ్గించేస్తుంది. ఉన్నట్టుండి ఆపితే నాళాలు మునుపటి కంటే గట్టిగా బిగుసుకోవచ్చు. కాబట్టి 20, 15, 10, 5, ఆ తర్వాత 4, 3, 2, 1 అని మెట్లు దిగినట్టు తగ్గిస్తారు. మూడో రోజు రాత్రి 1 నుంచి సున్నాకి తెస్తే బాబు రీడింగ్ టపటపా పడిపోయింది. "ఒక్క పీపీఎం‌లో ఏముందిరా?" అని బావ గోడకి ఆనుకుని కూలబడ్డాడు. మళ్లీ 1 పెట్టారు, లేచింది. మర్నాడు ఇంకోసారి ప్రయత్నిస్తే నిలబడింది. చివరి మెట్టు దగ్గర ఇలా జరగడం మామూలేనని మేడమ్ చెప్పారు. ఆ రాత్రి మాత్రం ఎవరికీ అది మామూలుగా అనిపించలేదు.

ఎవరికి అస్సలు ఇవ్వకూడదు?

కొందరు బిడ్డల గుండె నిర్మాణంలో లోపం వల్ల, కుడి వైపు నుంచి ఎడమ వైపుకి ఆ షార్ట్‌కట్‌లో వెళ్లే రక్తమే ఒంటికి ఆధారం. వాళ్లకి ఇది ఇస్తే ఉన్న ఆ దారీ తగ్గిపోతుంది. గుండె ఎడమ భాగం బలహీనంగా ఉన్నవాళ్లకి ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. అందుకే ముందు గుండె స్కాన్, అదే ఎకో తీయడం తప్పనిసరి.

కొత్త మోడల్స్, చవక దారులు

సిలిండర్లు బరువు, రవాణా కష్టం. 2019 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ ఆమోదించిన జెనోసిల్‌లో సిలిండర్ లేదు. చిన్న కార్ట్రిడ్జ్‌లో విటమిన్ సి సాయంతో విలన్ గ్యాస్‌నే మందు గ్యాస్‌గా మారుస్తుంది. 2022 జూన్‌లో ఆమోదం పొందిన లంగ్‌ఫిట్ పీహెచ్ గదిలోని గాలిలోనే విద్యుత్ స్పార్క్ పుట్టించి నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది. ఆకాశంలో మెరుపు చేసే పనే, టేబుల్ మీద పెట్టారు.

ఈ గ్యాస్ ఖరీదైనది, అన్ని ఆసుపత్రుల్లో దొరకదు. అలాంటి చోట డాక్టర్లు సిల్డెనాఫిల్ వాడతారు. వయాగ్రాలో ఉండే మందే అది. సీజీఎంపీని విరగ్గొట్టే ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది, అంటే అదే దారిలో ఇంకో చివర నుంచి పని చేస్తుంది. 2006లో కొలంబియాలో 13 మంది బిడ్డల మీద చేసిన చిన్న పరీక్షలో మందు ఇచ్చిన ఏడుగురిలో ఆరుగురు, ఇవ్వని ఆరుగురిలో ఒక్కరు బతికారు. పరీక్ష చిన్నదే. గ్యాస్ లేని చోట ఆశ పెట్టుకోవడానికి మాత్రం అది దారి చూపించింది.

ఆన్‌లైన్‌లో కనిపించేవి ఇవి కావు

ఆసుపత్రి కారిడార్‌లో నేను ఫోన్‌లో వెతికితే మొదట వచ్చినవి "నైట్రిక్ ఆక్సైడ్ బూస్టర్" క్యాప్సూల్స్. జిమ్ వాళ్ల కోసం. అవి ఆర్జినిన్, బీట్‌రూట్ లాంటివి కలిపిన సప్లిమెంట్లు. ఈ చికిత్సతో వాటికి సంబంధం లేదు. ఆస్తమాకి చేసే ఫీనో పరీక్ష కూడా వేరే. అందులో మనం వదిలిన ఊపిరిలో ఉన్న నైట్రిక్ ఆక్సైడ్‌ని కొలుస్తారు, అదీ పీపీబీలో. పెద్దవాళ్లలో 50 పీపీబీ దాటితే ఎక్కువ కింద లెక్క. 20 పీపీఎం అంటే 20,000 పీపీబీ, తేడా మీరే చూడండి. ఇక మన చేతికున్న స్మార్ట్‌వాచ్ ఆక్సిజన్ రీడింగ్ ఫిట్‌నెస్ సరదాకి సరే. ఒంట్లో బాగోలేనప్పుడు దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు.

వెర్డిక్ట్

ప్లస్: సరైన బిడ్డకి, సరైన సమయంలో ఇస్తే నిమిషాల్లోనే తేడా చూపించగలదు. పని ఊపిరితిత్తుల వరకే.
మైనస్: ఖరీదు, అందరికీ పనిచేయదు, కొలత తప్పితే మందే విషం.

రేటింగ్ ఇవ్వను. దానికి బదులు, మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి వస్తే బిడ్డని ఇంకో ఆసుపత్రికి మార్చే ముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. అక్కడ నైట్రిక్ ఆక్సైడ్ ఉందా? వెంటనే ఎకో తీసేవాళ్లు ఉన్నారా? ఒకవేళ ఇక్కడే గ్యాస్ మొదలుపెట్టి ఉంటే, అంబులెన్స్‌లో అది ఆగకుండా ఇచ్చే ఏర్పాటు ఉందా? ఆ మూడో ప్రశ్న ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.

ఇంకో సంగతి. ఆస్ట్రేలియాలో కర్టిన్ యూనివర్సిటీ వాళ్లు మామిడికాయలకి నైట్రిక్ ఆక్సైడ్ పొగ పెట్టి చూస్తే అవి మగ్గడం ఆలస్యమైందట. ఎథిలీన్ తొందరపెడితే ఇది ఆపుతుందన్నమాట. నాన్నకి చెప్పాను. ఆయన మనవడి మూతికి అంటిన రసం తుడుస్తూ, "ఎన్ని పీపీఎం పెట్టారంట?" అన్నాడు.